తెల్ల దుప్పటీ, డ్రిల్లు మేష్టారూ

ఆఫీసు ఫోనులో నన్ను "ఒలే దుప్పటీ" అని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు పడవ. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, నాదీ కాదు. ఎనిమిదో తరగతిలో మా ఇద్దరికీ ఆ పేర్లు పెట్టింది మా డ్రిల్లు మేష్టారు. వాడిప్పుడు పోర్టులో క్రేను నడుపుతాడు, నేను షిప్పింగ్ ఆఫీసులో టైపు కొడతాను. పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టినా వాడు నన్ను దుప్పటీ అనడం మానలేదు, నేను వాణ్ణి పడవా అనడం మానలేదు.

"ఒలే దుప్పటీ, మేష్టారు ఎల్లిపోయేరే" అన్నాడు పోయిన వారం ఫోను చేసి.

"ఎప్పుడ్రా?"

"మొన్న పొద్దున్న. టీ తాగేరంట, గలాసు కింద పెట్టేరంట, ఎల్లిపోయేరంట. అంతే. వన్, టూ, త్రీ."

ఏడవాల్సిన మాట విని ఫక్కున నవ్వాను. మా ఆఫీసరు కళ్ళద్దాల పైనుంచి చూశాడు. ఆ పోయినాయన ఎలాంటివారో తెలిస్తే ఆయనా నవ్వేవాడే.

మేష్టారు ఏ పనైనా వన్, టూ, త్రీ అని మూడంకెల్లో చేసేవారు. కూర్చోవడం, లేవడం, టీ తాగడం, తుమ్మడం కూడా. రెండు తుమ్ములతో ఆగితే మూడోదాని కోసం చెయ్యెత్తి నిలబడేవారు. అది వచ్చేదాకా క్లాసంతా నిశ్శబ్దంగా ఆగాల్సిందే. నెమ్మదిగా నడవడం ఆయనకు రాదు. మెడలో విజిలు, కాళ్ళకు తెల్ల కేన్వాసు బూట్లు. ఆ బూట్లు తెల్లగా ఉండడం మా స్కూల్లో ఒక వింత. ఎందుకో చెప్పాలి.

మా స్కూలు వన్ టౌన్‌లో, పోర్టు గోడకు కూతవేటు దూరంలో ఉండేది. ఓడలకెక్కించే ఇనుప రాయి దుమ్ము గాలివాటానికి మా మీదే పడేది. బెంచీ మీద, పుస్తకం మీద, పెరుగన్నం మీద ఎర్రటి పొడి. మా నాన్న పంచె పొద్దున్న ఆరేస్తే సాయంత్రానికి సన్యాసం పుచ్చుకునేది. "ఈ ఊళ్ళో తెల్లబట్ట కట్టాలంటే ఇంట్లో ఒక ఆడది దానికోసమే పుట్టాల" అని మా అమ్మ రోజూ ఉతుకుతూ తిట్టేది. అలాంటి చోట మేష్టారి బూట్లు రోజూ పొద్దున్నకి తెల్లగా మెరిసేవి. సుద్దముక్కలు నూరి, నీళ్ళలో కలిపి, గుడ్డతో రాసేవారట. సాయంత్రానికి అవీ ఎర్రబడేవి. మర్నాడు మళ్ళీ తెలుపు.

ఇంకో అలవాటు ఉండేది. ఎక్కడికెళ్ళినా కిటికీ గట్టు మీదో, బల్ల మీదో చూపుడు వేలు రాసి, ఆ ఎర్ర వేలిని మాకు చూపించి "ఇదేటి సెప్తంది?" అని అడిగేవారు. "దుమ్ముందని చెప్తోందండీ" అంటే ఒప్పుకునేవారు కాదు. "గాలి ఏ ఏపు నుంచొత్తందో సెప్తంది. రాత్రి ఓడ నిండిందో లేదో సెప్తంది. ఈ గదిని ప్యూను ఊడ్సేడో లేదో కూడా సెప్తంది" అనేవారు. ప్యూనుకీ ఆయనకూ అందుకే పడేది కాదు.

ఇలాంటి మనిషి చేతికి మా ఇంగ్లీషు రావడం పొరపాటున జరిగింది. అప్పట్లో ఇంగ్లీషుకి రెండు పుస్తకాలుండేవి. ఒకటి అసలు వాచకం. రెండోది నాన్‌డీటెయిల్డ్ అనే సన్నపాటి కథ పుస్తకం. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆ ఏడాది ఇంగ్లీషు మేష్టారు సెలవు మీద వెళితే వాచకాన్ని హెడ్మాస్టరు గారు తీసుకుని, ఈ సన్న పుస్తకాన్ని ఖాళీగా కనిపించిన డ్రిల్లు మేష్టారికి అంటగట్టారు.

అదొక చిన్న నవల. ఎప్పటిదో, బాగా పేరున్నదట. ఎక్కడో చలి దేశంలో ఒక ఏరు. ఏటికి ఇటు అక్క, అటు చెల్లి. ఏదో గొడవపడి ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు. అక్క రోజూ పొద్దున్నే పెరట్లో తీగ మీద ఒక తెల్ల దుప్పటి ఆరేస్తుంది. చెల్లి కిటికీలోంచి దాన్ని చూస్తుంది. చెల్లి ఇంటి దగ్గర రేవులో చిల్లుపడిన పడవ, దానికి కాపలాగా ఒక ముసలి కుక్క. కథంతా ఇంతే. పరీక్షలో మాత్రం దుప్పటి దేనికి సింబలు, పడవ దేనికి సింబలు, కథకు థీమ్ ఏమిటి అని అడుగుతారు. ఆ జవాబులు బజార్లో అమ్మే గైడులో ఉంటాయి.

మొదటి రోజు మేష్టారు గైడుని హాజరు పుస్తకంలో దాచుకుని వచ్చారు. సింబలు అన్న చోట గైడులో ఉన్న నాలుగు వాక్యాలూ చదివారు. ఆయనకు అర్థం కాలేదు, మాకూ కాలేదు. వెనక బెంచీల్లో గోల మొదలైంది. అలవాటు కొద్దీ విజిలు ఊదారు. అందరం బొమ్మల్లా ఆగిపోయాం.

ఆయన విజిలు నోట్లోంచి తీసి దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఎందుకాగేర్రా?" అన్నారు చివరికి.

"విజిలేశారు కదండీ."

"విజిల్లో ఏటుంది? గాలి. లోపల శనగ్గింజంత బెండు ముక్క. గాలికి ఆగిపోయేరా మీరు?"

"మీరు ఆగమన్నారండీ."

"నానెక్కడన్నాను? నోరే ఇప్పలేదు." ఆయన మొహం వెలిగిపోయింది. "ఓర్నాయనో! ఇదేర్రా సింబలు! వస్తువొకటి, అది సెప్పే మాట ఇంకొకటి. ఇన్నాళ్ళూ మెళ్ళో ఏసుకుని తిరుగుతన్నాను, నాకే తెల్దు!"

అంత సంతోషం నేను పెద్దవాళ్ళ మొహంలో అంతకుముందు చూడలేదు. ఆ పీరియడ్ అయిపోయేలోపు మమ్మల్నందర్నీ గ్రౌండులోకి తోలుకుపోయారు.

గ్రౌండులో సున్నంతో అడ్డంగా రెండు గీతలు గీసి, ఏరు అన్నారు. ఇటు అక్క, అటు చెల్లి. లావుగా ఉండే వాణ్ణి పడవ అని పడుకోబెట్టారు. సన్నగా ఉన్నందుకు నేను దుప్పటినయ్యాను. రెండు చేతులూ బారజాపి, కదలకుండా నిలబడాలి. డ్రిల్లంతా ఒక ఎత్తు, ఈ దుప్పటి ఒక ఎత్తు. చేతులు లాగేసి పడిపోయేవి.

"దుప్పటికి కళ్ళుండవు గానీ నీకున్నాయి కదే. ఏటి కనిపిస్తంది?" అని నా పక్కకొచ్చి అడిగేవారు.

"చెయ్యి నొప్పెడుతోందండీ."

"అది సింబలు కాదు. ఓర్చుకో."

పడవగాడు మాత్రం హాయిగా పడుకుని వేరుశనక్కాయలు తినేవాడు. కథలో ఇంకా రాని పేజీలు ముందే తిప్పి చదివితే ఫౌల్. అలా తిప్పినవాడు గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు పరిగెత్తాలి. ఒకసారి అందర్నీ నిలబెట్టి "ఇప్పుడు మీరంతా ఏ ఏపు సూత్తన్నారు?" అని అడిగారు. చూసుకుంటే అక్కా, చెల్లీ, పడవా, కుక్కా, నేనూ అందరం ఏటి వైపే తిరిగి ఉన్నాం. "అందరూ ఏ ఏపు సూత్తన్నారో అదే తీము" అన్నారు. థీమ్‌కి ఇంతకన్నా మంచి అర్థం తర్వాత నాకు ఎవరూ చెప్పలేదు. కాలేజీలో చెప్పినవాళ్ళు కూడా.

తెల్ల దుప్పటి విషయంలో గైడుకీ మాకూ గొడవ వచ్చింది. తెలుపు అంటే శాంతి, స్వచ్ఛత అంది గైడు. మేష్టారికి అది నచ్చలేదు. "మీ ఇళ్ళల్లో తెల్లబట్ట ఎప్పుడు తెల్లగుంటాది?" అని అడిగారు. "ఉతికిన రోజండీ" అన్నాం. "మరింకేటి! తెల్లగుందంటే ఇవాళ ఉతికిందన్నమాట. రోజూ తెల్లగుందంటే రోజూ ఉతుకుతన్నాదన్నమాట."

"అక్కడ కూడా ఎర్ర దుమ్ముంటుందాండీ?" అని అడిగింది చెల్లి వేషం వేసిన అమ్మాయి.

మేష్టారు పోర్టు వైపు వేలు చూపించారు. "ఆ ఏరు ఎటెల్తది? సముద్రానికేగా. సముద్రమున్న కాడ పోర్టుండదేటి? పోర్టుంటే దుమ్ముండదేటి? కొండ ఎనకాల ఉండుంటాది. పుస్తకంలో రాయలేదంతే."

మాకు చాలా సబబుగా తోచింది. దుమ్ము లేకుండా దుప్పటిని రోజూ ఉతికే మనిషి ఉంటుందని మాకెవరికీ ఊహకు కూడా రాలేదు.

ఇంతలో ఇన్‌స్పెక్షను వచ్చిపడింది. హెడ్మాస్టరు గారు గ్రౌండు దాకా వచ్చి చెప్పారు. "మేష్టారూ, వచ్చే ఇన్‌స్పెక్టరు ఇంగ్లీషులో గట్టివాడు. గైడులో ఉన్నది ఉన్నట్టు చెప్పించండి. ఏమైనా తేడా వచ్చిందో, ఈ పీరియడ్ మీకుండదు. నేనేం చెయ్యలేను."

ఆయన వెళ్ళాక మేష్టారు మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నారు. ఎప్పుడూ కూర్చోని మనిషి కూర్చుంటే మాకు భయమేసింది.

"నాను ఇంగిలీసులో మూడుసార్లు తప్పేనర్రా" అన్నారు. "సదువు గుమ్మంలోనే నిలబెట్టేసింది నన్ను. అందుకే డ్రిల్లుకెళ్ళేను. ఇన్నేళ్ళకి రా లోపలికి అంది. ఈ నాలుగు నెలలూ నాకెలగుందో మీకు తెల్దు. రాత్రి డిక్షనరీ పట్టుకు కూసుంటే మీ పంతులమ్మ లైటార్పేస్తంది." పంతులమ్మ అంటే ఆయన భార్య. "మళ్ళీ బయటికెల్లిపొమ్మంటే కష్టంగా ఉంటాది. అందుకని, బాబూ, ఇన్‌స్పెక్టరడిగితే తెలుపంటే శాంతి అనండి. ఒక్కరోజుకి."

మేమందరం సరేనన్నాం. ప్రమాణాలు కూడా చేశాం.

ఇన్‌స్పెక్టరు గారు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటులో వచ్చారు. హార్బరు రోడ్డున జీపులో రావడంతో కాలరు అప్పటికే గోధుమ రంగుకు తిరిగింది. ఇంగ్లీషులో అడిగారు, తెల్ల దుప్పటి దేనికి సింబలు అని. "పీస్ అండ్ ప్యూరిటీ, సార్!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాం. మేష్టారు వెనక గోడ దగ్గర ఎటెన్షన్‌లో ఉన్నారు.

"వెరీ గుడ్" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. తర్వాత తెలుగులో అడిగారు. "ఎలా తెలిసింది మీకు?"

గైడులో ఆ ప్రశ్న లేదు. ఇన్‌స్పెక్టరు గారి వేలు నా మీదకొచ్చి ఆగింది. "నువ్వు చెప్పమ్మా."

నేను లేచి మేష్టారి వైపు చూశాను. ఆయన నన్ను చూడలేదు. చెయ్యి మాత్రం తెలియకుండానే కిటికీ గట్టు మీదికి పోయింది. వేలు రాసి చూసుకున్నారు. ఎర్రగా ఉంది. దాన్ని చూశాక నాకు శాంతీ గుర్తు రాలేదు, ప్రమాణమూ గుర్తు రాలేదు.

"తెల్లగా ఉందంటే ఇవాళ ఉతికారండీ. నిన్నటిదైతే ఎర్రగా ఉంటాది."

"ఎర్రగా ఎందుకుంటుంది?"

"దుమ్మండీ!" అంది క్లాసంతా. పడవగాడు ఇంకో అడుగు ముందుకేసి, "కొండ ఎనకాల పోర్టుందండీ" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు పుస్తకం తిరగేసి చూశారు. తర్వాత నవ్వడం మొదలెట్టారు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వు. "అది మంచు ఊరమ్మా! అక్కడ పోర్టూ లేదు, దుమ్మూ లేదు. ఎవరు చెప్పారు మీకు?"

హెడ్మాస్టరు గారి మొహం కందిపోయింది. మేష్టారు మాత్రం ఒక అడుగు ముందుకేసి, "నానే సెప్పేనండి. తప్పు నాదేనండి" అన్నారు. నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. మా మేష్టారిని చూసి నవ్వుతాడా అనిపించింది.

"మరి దుమ్ము లేకపోతే రోజూ ఎందుకు ఉతుకుతాదండీ?" అని గట్టిగా అడిగేశాను.

ఇన్‌స్పెక్టరు గారు నవ్వు ఆపారు. పుస్తకం వైపు చూశారు, నా వైపు చూశారు. "అదే. ఎందుకు ఉతుకుతుంది?" అన్నారు, ఈసారి నిజంగా అడుగుతున్నట్టు. "నువ్వే చెప్పు."

నాకు తెలియదు. గైడులోనూ లేదు. కానీ నాలుగు నెలలుగా చేతులు బారజాపి నిలబడ్డాను కదా. అక్కడ నిలబడితే ఏం కనిపించేదో అప్పుడు గుర్తొచ్చింది. సున్నం గీతకి అవతల, చెల్లి వేషం వేసిన పిల్ల ఎండలో కళ్ళు చికిలించుకుని నన్నే చూస్తుండేది.

"చెల్లి చూస్తుందండీ. అందుకని."

ఇన్‌స్పెక్టరు గారు నన్ను కూర్చోమన్నారు. పుస్తకం మూసి మేష్టారి దగ్గరికెళ్ళి ఏదో నెమ్మదిగా అన్నారు. ఏమన్నారో మేష్టారు మాకెప్పుడూ చెప్పలేదు. అడిగితే బూట్లు చూసుకుని నవ్వేవారు. వెళ్తూ వెళ్తూ ఇన్‌స్పెక్టరు గారు కాలరు మీద వేలు రాసి చూసుకోవడం మాత్రం మేమందరం చూశాం.

అయినా రూలు రూలే. వారం తిరక్కుండా కాగితం వచ్చింది, నాన్‌డీటెయిల్డ్ అయినా సరే ఇంగ్లీషు చదివినవారే చెప్పాలని. కొత్త మేష్టారు వచ్చారు. మా మేష్టారు గైడూ పుస్తకమూ ఆయన చేతికిచ్చి సెల్యూటు కొట్టి, గుమ్మం బయట వంగి బూటు లేసు కట్టుకున్నారు. చాలాసేపు కట్టుకున్నారు. ఆ లేసు ఊడలేదని మాకందరికీ తెలుసు.

కొత్తాయన మంచివారే. గైడులోని జవాబులు చక్కగా చెప్పి రాయించారు. కథలో ఆఖరి అధ్యాయం మాత్రం పరీక్షకు రాదని వదిలేశారు. మాకు ప్రాణం ఉసూరుమంది. మా అంతట మేం చదువుకునేంత ఇంగ్లీషు రాదు, దుప్పటి సంగతి ఏమైందో తెలియాలి కదా.

మర్నాడు డ్రిల్లు పీరియడ్‌కి వెళితే గ్రౌండులో సున్నం గీతలు రెండూ కొత్తగా గీసి ఉన్నాయి.

"ఫాలిన్!" అన్నారు మేష్టారు. అక్క ఇటు, చెల్లి అటు, పడవ కింద. నేను చేతులు చాపబోతే "నువ్వు కూసో. ఇవాళ నువ్వు లేవు" అన్నారు. ఆఖరి అధ్యాయంలో చెల్లి పొద్దున్నే కిటికీలోంచి చూస్తుంది. తీగ మీద దుప్పటి లేదు. ఆ వేషం వేసిన పిల్ల నేను నిలబడే చోటు చూసి నిజంగానే ఏడ్చేసింది. మేష్టారు పొడుగ్గా విజిలు ఊదారు. ఆ పిల్ల చిల్లుపడవ మీదెక్కి, పడవగాడు మోకాళ్ళ మీద పాక్కుంటూ, ఇద్దరూ ఏరు దాటారు. అవతల అక్కకి జ్వరం. చెల్లి ఒక్క మాట మాట్లాడదు. మూల పడున్న దుప్పటి తీసుకుని, ఉతికి, తీగ మీద ఆరేస్తుంది. నన్ను చెయ్యి పట్టి లేపి నిలబెట్టింది. నేను చేతులు చాపాను. ఆ రోజు నొప్పి తెలియలేదు.

మేడ మీద వరండాలోంచి హెడ్మాస్టరు గారి గొంతు వినిపించింది. "మేష్టారూ! డ్రిల్లులో ఆ అమ్మాయి ఎందుకేడుస్తోంది?"

"ఎక్సర్‌సైజండీ!"

హెడ్మాస్టరు గారు కాసేపు కిందికి చూశారు. సున్నపు ఏరునీ, ఒళ్ళంతా మట్టి కొట్టుకున్న పడవనీ, చేతులు చాపిన నన్నూ చూశారు. "ఆ కుడి పక్క లైను వంకరగా ఉంది, చూసుకోండి" అని లోపలికెళ్ళిపోయారు.

పడవగాడు బట్టలు దులుపుకుంటూ అడిగాడు. "ఇద్దరూ ఇటే ఉన్నారు కదండీ. అవతల ఒడ్డున ఎవరూ లేరు. మరింక దుప్పటి ఎవరు సూత్తారండీ?"

మేష్టారు అవతలి గీత వైపు చూశారు. పుస్తకంలో దానికి జవాబు లేనట్టుంది. "ఎవరో ఒకరు సూత్తార్లేరా" అన్నారు.

ఆదివారం నేనూ పడవా తగరపువలస బస్సెక్కాం. రిటైరయ్యాక మేష్టారు భార్యతో అక్కడే ఉండేవారు. దారంతా వాడు ఆయన తుమ్ములు అనుకరిస్తూనే ఉన్నాడు. మూడో తుమ్ము దగ్గర ఆగి కిటికీ వైపు తిరిగాడు.

ఇల్లు కనుక్కోవడానికి ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. ప్రహరీ గోడ మీద తెల్ల కేన్వాసు బూట్లు ఎండలో ఆరుతున్నాయి. మేమిద్దరం రోడ్డు మీదే ఆగిపోయాం. మనిషి పోయి అయిదు రోజులైంది కదా.

పంతులమ్మ గారు బయటికొచ్చారు. మేమెవరమో చెప్పబోతే, "తెలుసులేమ్మా. దుప్పటీ, పడవా. మీ కబుర్లే కదా రోజూ" అన్నారు. తర్వాత మా చూపు ఎక్కడుందో చూసి చెప్పారు.

"ఇక్కడ దుమ్మేదమ్మా? శుబ్బరమైన ఊరు. ఇస్కూలు లేదు, డ్రిల్లు లేదు. అయినా రోజూ పొద్దున్నే సుద్ద నూరడం, బూట్లకి రాయడం, గోడ మీదెట్టడం. ఎవరు సూత్తారని ఈ సోకు అని దెబ్బలాడేదాన్ని. ఎవరో ఒకరు సూత్తార్లేయే అనీవోరు. ఆయన పోయేక ఇంకేటుందిలే అని నాలుగు రోజులూ పెట్టలేదు. ఇవాళ పొద్దున్నే, రోజూ ఇటే ఎల్లే అవతలి ఈది ముసలాయన కర్ర పొడుసుకుంటూ వచ్చేడు. ఆయనకి సెవులు ఇనపడవు, ఈ సంగతి ఆయనకెవరూ సెప్పలేదు. 'మేష్టారి జోళ్ళు నాలుగు రోజులై కనిపించడం లేదు, ఒంట్లో బాగోలేదేటి' అని అడిగేడమ్మా."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. "అందుకని నానే సుద్ద నూరేను. నాకు సరిగ్గా రాదు. లేసులకి కూడా పూసీసేను సూడు" అని నవ్వారు.

నేను గోడ దగ్గరికెళ్ళాను. చెయ్యి దానంతటదే పోయింది. బూటు మీద చూపుడు వేలు రాశాను.

"ముట్టుకోకమ్మా, తడి ఆరలేదు" అన్నారు ఆవిడ.

అప్పటికే నా వేలు తెల్లగా అయిపోయింది.